స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి ఇంగ్లండు చర్చికి శాఖ కాదు: గ్లాస్గోకు వచ్చిన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సభ్యుల కోసం

మీరు అడిగినవి నాలుగు. గ్లాస్గోలో మీ ఇంటి దగ్గరి స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి ఇంగ్లండు చర్చికి శాఖేనా? దోర్నకల్ డయాసిస్‌కి (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) చెందిన మీరు అక్కడ సంస్కారం (ప్రభువు బల్ల దగ్గరి రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవచ్చా? సభ్యత్వం మార్చుకోవాలంటే ఊరి నుంచి ఏ కాగితాలు తెప్పించుకోవాలి? వచ్చే ఏడాది పెళ్లి అక్కడే చేసుకోవాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

మొదటిదానికి జవాబు, కాదు. రెండోదానికి, నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. మిగతా రెండింటిలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉన్న మనవాళ్లు మంచి మనసుతోనే సలహా చెబుతారు, కానీ ఆ సలహా సరిహద్దు దాటి ఇటు వచ్చాక పనికిరాదు. చట్టం వేరు, చర్చి వేరు.

ముందు మూడు చర్చిలను విడదీసి చూడండి. ఇంగ్లండు చర్చి రాజ్యానికి కట్టుబడినది. రాజు దానికి సుప్రీం గవర్నర్, బిషప్పుల నియామకం ప్రధానమంత్రి మీదుగా రాజు దాకా పోతుంది, 26 మంది బిషప్పులు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చుంటారు. చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ ఇక్కడి జాతీయ చర్చి, కానీ అది ప్రెస్బిటేరియన్, అంటే బిషప్పులు కాక పెద్దల సభలు నడిపేది. దానికి బిషప్పులే లేరు, రాజు దానికి అధిపతీ కాదు. వీధుల్లో ‘పారిష్ చర్చి’ అని కనిపించే బోర్డుల్లో ఎక్కువ భాగం దానివే. మూడోది మీరు చూసినది, స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి. బిషప్పులున్నారు, ఆరాధన క్రమం ఆంగ్లికన్, ప్రపంచ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో (ఇంగ్లండు చర్చి సంప్రదాయాన్ని పంచుకునే చర్చిల కూటమి) సభ్యత్వం ఉంది. రాజ్యంతో మాత్రం ఏ కట్టుబాటూ లేదు. ఏడు డయాసిస్‌లు: ఎడిన్‌బరో, గ్లాస్గో-గాలోవే, అబర్డీన్-ఆర్క్నీ, బ్రెకిన్, మోరే-రాస్-కెయిత్‌నెస్, సెయింట్ ఆండ్రూస్-డంకెల్డ్-డన్‌బ్లేన్, ఆర్గైల్-ద్వీపాలు. మీది గ్లాస్గో-గాలోవే. మీ కథీడ్రల్ గ్రేట్ వెస్టర్న్ రోడ్డు మీద ఉన్న సెయింట్ మేరీస్.

ఈ చర్చికి ఆర్చిబిషప్పు లేరు. బిషప్పులు తమలో ఒకరిని ‘ప్రైమస్’గా ఎన్నుకుంటారు. ఆయన సమానుల్లో మొదటివాడు, అంతే. ఇంకో డయాసిస్‌లో వేలు పెట్టే అధికారం ఆయనకు లేదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుకు గౌరవం ఉంది, ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులను లాంబెత్ సమావేశానికి పిలిచేది ఆ పదవే, కానీ స్కాట్లండులో ఒక్క గురువునైనా బదిలీ చేసే హక్కు దానికి లేదు.

బిరుదుల దగ్గర కూడా మనవాళ్లు తికమక పడతారు. ఇంగ్లండులో కథీడ్రల్ పెద్దను డీన్ అంటారు. ఇక్కడ కథీడ్రల్ పెద్ద ‘ప్రొవోస్ట్’. ‘డీన్’ అంటే డయాసిస్‌లో బిషప్పు గారి కుడిభుజం, ఇంగ్లండు ఆర్చిడీకన్ చేసే పనికి దగ్గర. కథీడ్రల్‌లో పెళ్లి గురించి డీన్ గారికి మెయిల్ పెడితే అది తిరిగి తిరిగి ప్రొవోస్ట్ దగ్గరికి చేరేసరికి వారం గడుస్తుంది.

స్కాట్లండులో చాలామంది ఇప్పటికీ దీన్ని ‘ఇంగ్లిష్ చర్చి’ అనే అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే ఈ చర్చి స్వభావం సగం అర్థమవుతుంది. 1688 విప్లవంలో రెండో జేమ్స్ దేశం వదిలిపోయాక స్కాట్లండు బిషప్పులు కొత్త రాజు విలియమ్‌కు ప్రమాణం చేయలేదు. మొదటి రాజుకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేమన్నారు. 1689లో బిషప్పుల వ్యవస్థ రద్దయింది, 1690లో జాతీయ చర్చి ప్రెస్బిటేరియన్‌గా స్థిరపడింది. బిషప్పులను నమ్ముకున్నవాళ్లు ఆ చర్చికి బయట మిగిలిపోయారు. 1715, 1745 జాకొబైట్ తిరుగుబాట్లలో వీళ్లలో చాలామంది స్టూవర్ట్‌ల (జేమ్స్ రాజవంశం) పక్షాన నిలిచారు. దానికి శిక్షగా వరసగా చట్టాలు వచ్చాయి. 1746 చట్టం ప్రకారం గురువు ఆరాధన నడిపేటప్పుడు ఇంటివాళ్లు కాక మరో ఐదుగురు చేరితే నేరం. 1748 నాటికి స్కాటిష్ బిషప్పు ఇచ్చిన గురుపట్టానికే చట్టం ముందు విలువ లేకుండా చేశారు, ఇంగ్లండు లేదా ఐర్లండు బిషప్పు చేతి అభిషేకం ఉంటేనే చెల్లుతుందన్నారు. అలా ఇంగ్లండు గురువులతో, ఇంగ్లండు ప్రార్థన పుస్తకంతో, రాజు పేరున ప్రార్థిస్తూ నడిచిన చాపెళ్లు వేరుగా పుట్టాయి. ‘ఇంగ్లిష్ చర్చి’ అన్న మాట నిజంగా చెల్లేది వాటికే. అసలు స్కాటిష్ వాళ్లు ఆ రోజుల్లో చాటుగా ఇళ్లలో కూడుకున్నవాళ్లు. స్టోన్‌హేవెన్ జైల్లో ఆ గురువులను బంధించినప్పుడు చేపలమ్మే ఆడవాళ్లు పసిబిడ్డలను వీపు బుట్టల్లో దాచి తెచ్చి, కిటికీ ఊచల దగ్గరకు ఎత్తి పట్టుకుని బాప్తిస్మం ఇప్పించుకున్నారని చెప్పుకుంటారు. అలాంటి చర్చిని ఇంగ్లండు శాఖ అంటే వాళ్లకు ఎక్కడ తగులుతుందో ఊహించుకోండి. 1788లో స్టూవర్ట్‌ల తరఫున సింహాసనం కోరిన చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ చనిపోయాక మూడో జార్జి పేరున ప్రార్థించడానికి ఒప్పుకున్నారు, 1792లో ఆ చట్టాలు తొలగాయి.

ఈ మధ్యలోనే, బలం అడుగంటిన రోజుల్లో, ఆ చర్చి చేసిన పని ఒకటుంది. అమెరికా స్వతంత్రమయ్యాక కనెక్టికట్ గురువులు శామ్యూల్ సీబరీని బిషప్పుగా ఎన్నుకుని లండన్ పంపారు. రాజుకు విధేయత ప్రమాణం చేయకుండా అభిషేకించే వీలు ఇంగ్లండు చట్టంలో లేదు. ఆయన స్కాట్లండుకు వచ్చాడు. 1784 నవంబర్ 14న అబర్డీన్‌లో, బిషప్ జాన్ స్కిన్నర్ ఇంటి మేడగదిలో, కిల్గౌర్, పెట్రీ, స్కిన్నర్ ముగ్గురూ చేతులుంచి ఆయన్ని అభిషేకించారు. వీళ్లకు రాజుతో పనే లేదు కాబట్టి అడ్డూ లేదు. ప్రతిగా, స్కాటిష్ సంస్కార క్రమాన్ని తన దేశంలో ప్రవేశపెట్టడానికి ప్రయత్నిస్తానని సీబరీ ఒప్పుకున్నాడు. 1789 అమెరికన్ ప్రార్థన పుస్తకంలోని సంస్కార ప్రార్థన ఆ దారిలో వచ్చినదే. ఒక దేశపు చర్చి ఇంగ్లండు రాజు కింద లేకుండానే ఆంగ్లికన్‌గా ఉండగలదన్నది అక్కడ తేలింది. మన దోర్నకల్ కూడా ఆంగ్లికన్ మూలమే అనుకోండి: వి.ఎస్. అజరయ్య గారు 1912 డిసెంబర్ 29న కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొంది వచ్చింది అక్కడికే.

ఇక ఆరాధన. ఎక్కువ చోట్ల వాడేది 1982 స్కాటిష్ లిటర్జీ, దాని నీలి అట్ట వల్ల ‘బ్లూ బుక్’ అంటారు. కొన్ని చర్చిల్లో ఉదయం 8 ఆరాధనకు 1970 క్రమమో 1929 పుస్తకమో ఉంటుంది, అందులో పాత ఇంగ్లిష్, పాటలుండవు. మొదటిసారి వెళ్లేవాళ్లు 10, 11 గంటల మధ్య మొదలయ్యే ఆరాధనకు వెళ్లడం మేలు. క్రమం మీకు కొత్తగా ఉండదు: ఒప్పుకోలు, వాక్య పఠనాలు, సువార్తకు లేచి నిలబడడం, ప్రసంగం, నైసియ విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, సమాధానం (శాంతి) పంచుకోవడం, కానుకలు, కృతజ్ఞతా ప్రార్థన, పరలోక ప్రార్థన, రొట్టె విరవడం. సమాధానం పంచుకునేటప్పుడు చేతులు కలుపుతారు. ఆ పద్ధతి పాశ్చాత్య చర్చిల్లోకి మళ్లీ రావడానికి 1950 నాటి మన సీఎస్‌ఐ ఆరాధన క్రమం దారి చూపింది కాబట్టి అక్కడ మొహమాటపడాల్సింది మీరు కాదు.

కృతజ్ఞతా ప్రార్థనలో ఒక చోట చెవి పెట్టండి. ఇంగ్లండు 1662 పుస్తకంలో ‘ఇది నా శరీరము, ఇది నా రక్తము’ అన్న ప్రభువు మాటలతో ప్రార్థన ముగుస్తుంది. స్కాటిష్ క్రమంలో, 1764 నుంచీ, ఆ మాటల తర్వాత అర్పణ, ఆ తర్వాత రొట్టె ద్రాక్షారసాల మీదికి పరిశుద్ధాత్మను రమ్మని వేడుకోవడం వస్తాయి. సీబరీ అమెరికాకు మోసుకెళ్లింది ఈ వరసనే. సీఎస్‌ఐ క్రమంలోనూ ప్రభువు మాటల తర్వాతే పరిశుద్ధాత్మ ప్రస్తావన వస్తుంది.

సంస్కారం తీసుకోవడానికి బాప్తిస్మం చాలు. ఈ చర్చి నియమాల్లో బాప్తిస్మమే పూర్తి ప్రవేశ సంస్కారం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మపు విశ్వాసాన్ని బిషప్పు ముందు ధ్రువపరచడం) అయిందా లేదా అని కట్టడ లేదు. మన దగ్గర కన్ఫర్మేషన్ కాకపోతే బల్ల దగ్గరికి రానివ్వని అలవాటు వల్ల పదేళ్ల పిల్లలు ఇక్కడ చేయి చాపుతుంటే పెద్దలు కంగారుపడతారు. కంగారు అక్కర్లేదు. మీ పిల్లలకు ఇప్పించాలా వద్దా అన్నది మీరే రెక్టర్ గారితో (ఆ సంఘపు గురువు) మాట్లాడి తేల్చుకోండి.

అరచేతి మీద అరచేయి పెట్టి చాపితే వేఫర్ (పలుచని రొట్టె బిళ్ల) అందులో పెడతారు. వేళ్లతో లాక్కోకండి. గిన్నె ఒక్కటే, అందరికీ. అందులో ఉండేది మామూలుగా అసలైన వైన్. మన చాలా సంఘాల్లోలా చిన్న గ్లాసులు, తీపి ద్రాక్షరసం అనుకుని వెళ్తే తడబడతారు. గిన్నె అడుగును మీరూ పట్టుకుని పెదవి దాకా వంచుకోవాలి. పూర్తిగా ఇచ్చేవారి చేతికే వదిలేస్తే ఒలుకుతుంది. వైన్ వద్దనుకుంటే రొట్టె మాత్రం తీసుకుని కదలండి, ఆంగ్లికన్ బోధ ప్రకారం అది అరకొర సంస్కారం కాదు. వేఫర్‌ని వైన్‌లో ముంచుకోవడం కొన్ని చర్చిల్లో ఒప్పుతారు, కొన్నింటిలో వద్దంటారు. ముందు వరసవాళ్లు ఏం చేస్తున్నారో చూసి నడుచుకోండి. చెప్పులు విప్పరు. ఆడవాళ్లు కొంగు కప్పుకున్నా, కప్పుకోకపోయినా ఎవరూ తిరిగి చూడరు.

సభ్యత్వం దగ్గర మొదట గుర్తుంచుకోవాల్సింది: ఇంగ్లండులో పారిష్ సరిహద్దులో నివాసం ఉంటే చాలు, ఆ చర్చిలో పెళ్లి చేసుకునే హక్కు చట్టమే ఇస్తుంది. ఇక్కడ ఎపిస్కోపల్ చర్చి మీద అలాంటి హక్కు ఎవరికీ లేదు. ఇది సంఘాల చర్చి. మీకు దగ్గరగా ఉన్నదానికే వెళ్లాలని లేదు, నచ్చిన సంఘాన్ని ఎంచుకోవచ్చు. అదే సమయంలో, ఊరికే తెలియనివాళ్లు వచ్చి ‘మా పెళ్లి చేయండి’ అంటే రెక్టర్ కాదనవచ్చు. అందుకే కాగితాల కన్నా ముందు మనిషిగా పరిచయం కావాలి. రెండు మూడు నెలలు ఆదివారాలు కనబడండి, తర్వాత ఉత్తరం ఇవ్వండి.

ఉత్తరం మీ పాస్టరేట్ అయ్యగారి దగ్గర నుంచి, లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో, సంతకం, ముద్రతో ఉండాలి. అందులో మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం జరిగిన తేదీ, చర్చి, కన్ఫర్మేషన్ తేదీ, ఇప్పటిదాకా సంస్కారం తీసుకుంటున్న సభ్యులన్న మాట, డయాసిస్ పేరు రావాలి. తప్పు జరిగేది పేరు దగ్గర. బాప్తిస్మం రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో అదే పూర్తిగా విస్తరించి చివరికి పోతుంది. బాప్తిస్మపు పేరు, పిలుపు పేరు వేరయితే ఇంకా చిక్కు. ఉత్తరంలోనే ‘పాస్‌పోర్టులో ఫలానా పేరుతో ఉన్న వ్యక్తి, మా రిజిస్టర్‌లో ఫలానా పేరుతో ఉన్న వ్యక్తి ఒక్కరే’ అని ఒక వాక్యం రాయించుకోండి. ఆ వాక్యం తర్వాత పెళ్లి కాగితాల దగ్గరా ఆదుకుంటుంది. ‘సీఎస్‌ఐ’ అని పొట్టిగా రాస్తే ఇక్కడ కొందరికి తెలియదు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అని విప్పి రాయించండి. మీది మెదక్‌లా మెథడిస్టు మూలాల డయాసిస్ అయినా, రాయలసీమలా లండన్ మిషన్ మూలాలదైనా ఇప్పుడు తేడా లేదు. 1947 సెప్టెంబర్ 27న అందరూ కలిసి సీఎస్‌ఐ అయ్యాక కొన్నేళ్లు ఆంగ్లికన్ ప్రపంచం సందేహంగానే చూసింది (నంద్యాల ఆంగ్లికన్లు చాలా కాలం అసలు చేరనే లేదు), కానీ నేడు సీఎస్‌ఐ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో పూర్తి సభ్య చర్చి.

సంఘపు ఆస్తి, డబ్బు చూసేది ‘వెస్ట్రీ’, మన పాస్టరేట్ కమిటీ లాంటిది. ప్రభుత్వం జీతాలివ్వదు. రెక్టర్ జీతం, పైకప్పు మరమ్మతు, డయాసిస్‌కి కట్టే వాటా అన్నీ కానుకల నుంచే రావాలి. కాబట్టి చేరిన వెంటనే చేతికి ‘గిఫ్ట్ ఎయిడ్’ ఫారం వస్తుంది. మీరు ఒక పౌండు వేస్తే పన్ను శాఖ మరో 25 పెన్నీలు చర్చికి ఇస్తుంది. చర్చి మీద అభిమానంతో విద్యార్థులు చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఆ ఫారంలో మీరు చెబుతున్నది ‘చర్చి తీసుకునేంత మొత్తాన్ని నేను ఈ ఏడాది ఆదాయపు పన్నుగా కట్టాను’ అని. పార్ట్‌టైమ్ సంపాదన ఏడాదికి 12,570 పౌండ్లు దాటకపోతే మామూలుగా మీరు పన్నే కట్టరు. అప్పుడు ఆ తేడా మీ దగ్గర వసూలు చేసే హక్కు పన్ను శాఖకు ఉంది. సంతకం పెట్టకుండా కవర్లో కానుక వేయండి, ఎవరూ తప్పుపట్టరు. ఉద్యోగం వచ్చాక పెట్టొచ్చు.

సండే స్కూల్లో సాయం చేయాలనుకుంటే పీవీజీ అనే పరిశీలన (పిల్లలతో పనిచేసేవారి గత రికార్డు చూడడం) తప్పనిసరి. కొన్ని వారాలు పడుతుంది, అది వచ్చేదాకా పిల్లల బాధ్యత అప్పగించరు. అలాగే మన తెలుగు సహవాసం వాళ్లు చర్చి హాలు తీసుకుని ఇండియా నుంచి వచ్చిన అయ్యగారితో సంస్కారం జరిపించాలనుకుంటే వెస్ట్రీ అనుమతి హాలుకే. సంస్కారానికి డయాసిస్ బిషప్పు అనుమతి వేరే కావాలి. సీఎస్‌ఐ అభిషేకం చెల్లదని కాదు, ఎవరి డయాసిస్‌లో వారి అనుమతి లేకుండా పీఠం దగ్గర నిలబడరన్నది నియమం.

బిషప్పును ఎన్నుకునే తీరు చూస్తే స్వతంత్ర చర్చి అంటే ఏమిటో తెలుస్తుంది. పీఠం ఖాళీ అయితే డయాసిస్‌లో ఒక కమిటీ ఏర్పడి పేర్ల జాబితా తయారు చేస్తుంది. గురువులు ఒక సభగా, విశ్వాసులు ఒక సభగా ఓటేస్తారు, ఒకే వ్యక్తికి రెండు సభల్లోనూ మెజారిటీ రావాలి. అలా కుదరకపోతే హక్కు బిషప్పుల సభకు పోతుంది. 2017లో అబర్డీన్-ఆర్క్నీ విషయంలో హక్కు అలా బిషప్పులకు పోయింది. బిషప్పులు ఎన్నుకున్న ఆన్ డయర్ 2018 మార్చిలో అభిషేకం పొంది ఈ చర్చికి తొలి మహిళా బిషప్పు అయ్యారు.

నియమాలు మార్చేది జనరల్ సినడ్, అంటే చర్చి మహాసభ. బిషప్పులు, గురువులు, విశ్వాసులు, మూడు సభల్లోనూ రెండో పఠనంలో మూడింట రెండు వంతులు కావాలి. 2017 జూన్ 8న పెళ్లికి సంబంధించిన 31వ నియమంలోంచి ‘స్త్రీ పురుషుల మధ్య’ అన్న నిర్వచనాన్ని తీసేశారు: బిషప్పులు 4–1, గురువులు 42–20, విశ్వాసులు 50–12. గురువుల సభలో గట్టెక్కింది ఒక్క ఓటు తేడాతోనే. ఇష్టపడిన గురువులే ఇద్దరు స్త్రీల లేదా ఇద్దరు పురుషుల పెళ్లి చేస్తారు, బలవంతం లేదు. ఊళ్లో దీని మీద ప్రశ్నలు వస్తాయి కాబట్టి చెబుతున్నాను. చర్చిలో చేరడానికి మీరు ఈ విషయంలో ఏ పక్షమో ఎవరూ అడగరు.

ఇక పెళ్లి. ఇంగ్లండులో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారని విని ఉంటారు. స్కాట్లండు చట్టానికి ఆ ప్రకటనలతో సంబంధం లేదు, అవి చదివించినా చెల్లుబాటు కాదు. ఇక్కడ 1977 చట్టం ప్రకారం ఇద్దరూ చెరొక ఎం10 ఫారం (పెళ్లి నోటీసు) నింపి, పెళ్లి జరిగే ప్రాంతపు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. పెళ్లికి మూడు నెలలకు మించి ముందు కుదరదు, కనీసం 29 రోజుల ముందు చేరాలి. 29 రోజులు కాగితం మీద మాటే. వీసా మీద ఉన్నవాళ్లకు హోం ఆఫీస్ పరిశీలన కూడా ఉంటుంది కాబట్టి 10 నుంచి 12 వారాల ముందు ఇచ్చేయండి. ఫారంతో పాటు పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, వలస స్థితి ప్రకటన కావాలి. ఇంతకు ముందు పెళ్లయి ఉంటే విడాకుల తీర్పు లేదా మరణ ధ్రువపత్రం. తెలుగులో ఉన్న పత్రానికి ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం. యూకేలో రెండేళ్లుగా నివాసం లేనివాళ్లను ‘పెళ్లికి అభ్యంతరం లేదు’ అనే పత్రం అడుగుతారు, దానికి ఎడిన్‌బరోలోని భారత కాన్సులేట్‌ను ముందే సంప్రదించండి. అబ్బాయో అమ్మాయో పెళ్లి కోసమే ఇండియా నుంచి వస్తుంటే మామూలు విజిటర్ వీసా పనికిరాదు, మ్యారేజ్ విజిటర్ వీసా తీసుకోవాలి. ఎక్కువ పెళ్లిళ్లు ఆగిపోయేది ఇక్కడే.

ఇద్దరిలో ఎవరైనా విడాకులు తీసుకుని, మొదటి భాగస్వామి బతికి ఉంటే రెక్టర్ బిషప్పు అనుమతి తెప్పించాలి. మొదటి మాటలోనే చెప్పేయండి, హాలు బుక్ చేశాక కాదు.

కాగితాలన్నీ సరిపోతే రిజిస్ట్రార్ ‘మ్యారేజ్ షెడ్యూల్’ అనే పత్రం ఇస్తారు. అది పెళ్లి రోజు గురువు చేతిలో ఉండాలి. లేకపోతే బంధువులంతా కూర్చుని ఉన్నా ఆయన పెళ్లి చేయకూడదు. దాన్ని పెళ్లివారి సూట్‌కేస్‌లో పెట్టకండి, ముందు రోజు రిహార్సల్‌కు వెళ్లినప్పుడే రెక్టర్ గారికి ఇచ్చేయండి. 16 ఏళ్లు నిండిన సాక్షులు ఇద్దరు. ఆరాధన అయ్యాక పెళ్లికొడుకు, పెళ్లికూతురు, సాక్షులు, గురువు సంతకాలు చేసి మూడు రోజుల్లోపు రిజిస్ట్రార్‌కు తిరిగి అందించాలి.

చర్చి వాళ్లు అందమైన సర్టిఫికెట్ ఒకటి ఇస్తారు. అది గోడకు. ఇండియాలో పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి పేరు ఎక్కించడానికి కావాల్సింది రిజిస్ట్రార్ ఇచ్చే ఎక్స్‌ట్రాక్ట్ (రిజిస్టర్ అధికారిక నకలు). దాని మీద యూకే విదేశాంగ శాఖ లీగలైజేషన్ ఆఫీసు నుంచి అపొస్టీల్ (వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) వేయించుకోండి. ఎక్స్‌ట్రాక్ట్‌లు రెండు మూడు తీసుకుని, ఒకదాని మీద అపొస్టీల్ వేయించి, ఒకటి మీ పాస్టరేట్ రిజిస్టర్ కోసం ఊరికి పంపండి.